భూమికి కరెంటు పెడితే సీసం బయటికొస్తుందా?

"భూమికి కరెంటు వెడ్తే ఇసమంత ఒక్క మూలకు గుంజుకొస్తదంట, నిజమేనా సారూ?"

చౌటుప్పల్ వైపు ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆయన చేను పక్కన కొన్నేళ్లపాటు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే బట్టీ నడిచింది. బట్టీ మూతపడింది, మట్టి మిగిలింది. ఆయనకు ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపారు. గాజు పెట్టెలో మట్టి, రెండు చివర్ల రెండు కడ్డీలు, వాటికి కరెంటు. చివర్లో మట్టి శుభ్రమైపోయిందని రాసి ఉంది. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చిన తర్వాత ఇలాంటి ప్రశ్నలు ఇంకా పెరిగాయి.

ఆయన విన్నది అబద్ధం కాదు. కరెంటు మట్టిలోని లోహాన్ని నిజంగానే కదిలిస్తుంది. అయితే ఆ గాజు పెట్టెలో ఏ మట్టి పోశారన్నది వీడియోలో చెప్పలేదు. ఫలితమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఏది భార లోహం, ఫ్లోరైడ్ ఎందుకు కాదు

సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం, రాగి, జింక్ వంటి వాటిని భార లోహాలంటారు. ఆర్సెనిక్ పూర్తిగా లోహం కాకపోయినా విషంలో వాటికి తోడు కాబట్టి అదే జాబితాలో చేరుస్తారు. పురుగుమందు ఎండకు, సూక్ష్మజీవులకు కొంతకాలానికి విరిగిపోవచ్చు. సీసం అలా విరగదు, ఎన్నేళ్లయినా సీసమే. కాబట్టి భార లోహాన్ని మట్టిలోంచి బయటికైనా తీయాలి, లేదా అక్కడే కదలకుండా కట్టిపడేయాలి.

నల్గొండలో మట్టి, నీళ్లు, విషం అనే మాటలు కలిసి వినబడితే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. మర్రిగూడ వైపు వంగిపోయిన కాళ్లు చూసినవాళ్లకు మరోటి గుర్తు రావడం కష్టం. కానీ ఫ్లోరైడ్ లోహం కాదు, దాన్ని ఎవరో తెచ్చి పోయలేదు. మన గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి అది బోరు నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. మీది మట్టిని ఎంత కడిగినా కింద రాయి ఇస్తూనే ఉంటుంది. అందుకే ఆ సమస్యకు మట్టిని కాకుండా నీళ్లనే శుద్ధి చేశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందిస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది.

బట్టీ సీసం సంగతి వేరు. అది ఒక చోట, ఒక మనిషి చేసిన పని వల్ల, నేల పైపొరలో చేరింది. కొత్తగా వచ్చి చేరేది లేదు. మట్టిని శుద్ధి చేయడమనే మాటకు అర్థముండేది ఇలాంటి చోటే. హైదరాబాద్ దక్షిణ అంచున ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, జింక్ వంటివి మోతాదుకు మించి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. అదీ ఈ కోవకు చెందిన కాలుష్యమే.

ఎర్తింగ్ గుంతలో నీళ్లెందుకు పోస్తాం

ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి బిందెడు నీళ్లు పోయడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన పనే. పొడి మట్టి కరెంటును మోయదు. మోసేది మట్టి రేణువుల సందుల్లో ఉన్న నీరు, ఆ నీటిలో కరిగిన లవణాలు. ఈ లవణాలు నీటిలో ప్లస్ లేదా మైనస్ ఆవేశమున్న చిన్న ముక్కలుగా విడిపోతాయి. వాటినే అయాన్లంటారు.

ఇప్పుడు నేలలో రెండు వరసల్లో గుంతలు తవ్వి, కడ్డీలు దించి, ఒక వరసకు ప్లస్, మరో వరసకు మైనస్ కలిపామనుకోండి. ఇంటికొచ్చే ఏసీ కరెంటు క్షణక్షణం దిశ మార్చుకుంటుంది కనుక పనికిరాదు. ఒకే దిశలో పోయే డీసీ కావాలి. ప్లస్ ఆవేశమున్న అయాన్లు మైనస్ కడ్డీ వైపు, మైనస్ ఆవేశమున్నవి ప్లస్ కడ్డీ వైపు నడుస్తాయి. గిల్టు నగలకు పూత పట్టేది ఈ సూత్రంతోనే. అక్కడ తొట్టిలో ద్రావణం ఉంటుంది, ఇక్కడ తడిసిన మట్టి ఉంది, అంతే తేడా. గుంతల దగ్గరికి చేరిన లోహాన్ని నీళ్లతో పాటు పైకి తోడి, వేరే తొట్టిలో శుద్ధి చేస్తారు.

కడ్డీ దేనితో చేశారన్నదీ ముఖ్యమే. ప్లస్ వైపు మామూలు ఇనుప కడ్డీ పెడితే అదే కరిగిపోతుంది. అందుకని గ్రాఫైట్ గానీ, ప్రత్యేక పూత పూసిన టైటానియం గానీ వాడతారు.

సీసం ఒకవైపు, క్రోమియం మరోవైపు

అన్ని లోహాలూ ఒకే మూలకు రావు. కరిగిన సీసం, కాడ్మియం, నికెల్, రాగి మామూలుగా ప్లస్ ఆవేశంతో ఉంటాయి కాబట్టి మైనస్ కడ్డీకి పోతాయి. క్రోమియంలో బాగా విషమైన రూపం ఒకటుంది, దాన్ని హెక్సావాలెంట్ క్రోమియం అంటారు. అది ఆక్సిజన్‌తో కలిసి క్రోమేట్‌గా, మైనస్ ఆవేశంతో తిరుగుతుంది. అంటే పోయేది ప్లస్ కడ్డీకి. రెండూ కలిసున్న స్థలంలో రెండు చివర్లా నీళ్లు తోడి శుద్ధి చేయాల్సిందే.

సీసాన్నే దారి మళ్లించవచ్చు కూడా. ఈడీటీఏ అనే రసాయనం కలిపితే అది సీసాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ జంట మొత్తానికి మైనస్ ఆవేశం వస్తుంది కనుక, నిన్నటిదాకా మైనస్ వైపు పోయిన సీసం ఇప్పుడు ప్లస్ వైపు మళ్లుతుంది. బ్యాటరీ బట్టీల దగ్గర దీని అవసరం పడుతుంది. అక్కడి సీసంలో చాలా భాగం సీసం సల్ఫేట్‌గా ఉంటుంది, అది నీటిలో కరగనంటుంది. కరగనిదాన్ని కరెంటు కదిలించలేదు. అయితే ఈడీటీఏ మట్టిలో త్వరగా విరిగిపోదు. తోడుకోవడంలో పొరపాటు జరిగితే, నేలలో కదలకుండా పడున్న సీసాన్ని మనమే కరిగించి బోరు నీళ్లలోకి పంపినట్టవుతుంది.

రేగడిలో నీళ్లు దిగవు, కరెంటు దిగుతుంది

విషపు మట్టిని నీళ్లతో కడిగేయొచ్చు కదా అనిపించడం సహజం. ఇసుక నేలలో అది కుదురుతుంది. రేగడిలో కుదరదు. తడిస్తే ఉబ్బి సందులు మూసుకుపోయే మట్టి అది. వానాకాలం రేగడి మీద నిలిచిన నీళ్లు ఎన్నాళ్లుంటాయో ఆ చేను దున్నినవాళ్లకు చెప్పక్కర్లేదు.

1809లో రీస్ అనే శాస్త్రవేత్త మాస్కోలో బంకమట్టి గుండా కరెంటు పంపి ఒక వింత గమనించాడు. మట్టిలోని నీరు దానంతటదే మైనస్ కడ్డీ వైపు కదిలింది. బంకమట్టి రేణువుల ఒంటికి మైనస్ ఆవేశముంటుంది. దానికి అంటుకుని ప్లస్ అయాన్ల పల్చని పొర ఒకటుంటుంది. కరెంటు ఆ పొరను లాగితే, అది పక్కనున్న నీటినీ వెంట లాక్కుపోతుంది. దీన్ని ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటారు.

ఎంత తేడా వస్తుందో లెక్క కట్టి చూద్దాం. గట్టి బంకమట్టిలో నీరు తన బరువు మీద తాను దిగే వేగం ఏడాదికి 3 సెంటీమీటర్ల దాకా ఉంటుందనుకుందాం. అదే మట్టిలో సెంటీమీటరుకు అర వోల్టు చొప్పున కరెంటు పెడితే, నీరు రోజుకు 2 సెంటీమీటర్ల వరకు కదలగలదు. ఏడాది నడక ఒకటిన్నర రోజులో అయిపోయిందన్నమాట. ఇసుకలోనైతే నీరు మామూలుగానే రోజుకు మీటర్ల దూరం పోతుంది, అక్కడ ఈ 2 సెంటీమీటర్లకు విలువ లేదు. కాబట్టి కరెంటు పద్ధతి ఎర్ర దుబ్బ నేలలకు దండగ. దాని బలమంతా బంకమట్టిలోనే.

ఇదేదో నిన్నమొన్నటి విదేశీ ఆలోచన అనుకోనక్కర్లేదు. 1936లో అవిభక్త పంజాబ్‌లో పురి, ఆనంద్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చౌడు నేలలోని సోడియాన్ని కరెంటుతో తోడే ప్రయోగం చేసి ప్రచురించారు. పద్ధతి పనిచేసింది. అయినా దేశంలో చౌడు బాగు చేయడానికి నిలబడింది జిప్సమే, ఎందుకంటే అది చవక. ఈ పాత కథ నాకు పదేపదే గుర్తొస్తుంది. ప్రయోగశాలలో గెలవడం, పొలంలో గెలవడం ఒకటి కావు.

ప్లస్ దగ్గర ఆమ్లం, మైనస్ దగ్గర క్షారం

కడ్డీల దగ్గర నీరే విరిగిపోతుంది. ప్లస్ దగ్గర ఆక్సిజన్ బుడగలొస్తాయి, అక్కడి నీరు ఆమ్లమవుతుంది. మైనస్ దగ్గర హైడ్రోజన్ వస్తుంది, నీరు క్షారమవుతుంది. ఆమ్లం అటు నుంచి, క్షారం ఇటు నుంచి మట్టిలోకి బయలుదేరతాయి.

ఆమ్లం మనకు మేలు చేస్తుంది. మట్టి రేణువులకు అతుక్కున్న సీసాన్ని విడదీసి నీటిలోకి దించేది అదే. క్షారం చేసేది దానికి విరుద్ధం. నీటిలో తిరుగుతున్న సీసం క్షారం తగలగానే మళ్లీ గట్టిపడి ఆగిపోతుంది. ఆమ్లపు అయాను క్షారపు అయాను కంటే దాదాపు రెట్టింపు వేగంతో నడుస్తుంది కనుక రెండూ మైనస్ కడ్డీకి దగ్గరలో ఎదురుపడతాయి. ప్లస్ వైపు నుంచి అంత దూరం నడిచొచ్చిన సీసం సరిగ్గా అక్కడ, ఒడ్డు కనబడుతుండగా పేరుకుపోతుంది. తొలినాటి ప్రయోగాలను బాగా ఇబ్బంది పెట్టింది ఇలా పేరుకున్న సీసపు పట్టీయే.

దీనికి విరుగుడు ఉంది. మైనస్ గుంతలో యాసిటిక్ ఆమ్లమో, వంటింట్లో నిమ్మ ఉప్పు అనే సిట్రిక్ ఆమ్లమో పోస్తూ క్షారాన్ని పుట్టినచోటే చంపేస్తారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం మాత్రం సీసానికి పనికిరాదు, మళ్లీ కరగని సల్ఫేటే తయారవుతుంది.

మన రేగడిలో ఉన్న సున్నం

ఇంతవరకు చదివితే కరెంటు పద్ధతి రేగడి కోసమే పుట్టిందనిపిస్తుంది. కానీ నల్గొండ, పాలమూరు రేగళ్లను లోతుగా దున్నితే నాగలికి తగిలే తెల్లటి సున్నపు గడ్డలు గుర్తున్నాయా? మన నల్లనేలల్లో చాలావాటిలో ఆ సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, పొడిగానూ కలిసిపోయి ఉంటుంది. అలాంటి మట్టి మీద పలుచని యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమని నురగ వస్తుంది. ఆ నురగే సమస్య. సీసాన్ని విడదీయడానికి బయలుదేరిన ఆమ్లాన్ని దారిలో ముందు సున్నం తినేస్తుంది.

ఎంత తింటుందో చూద్దాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున్న మట్టి దిమ్మ తీసుకుందాం. బరువు 1,500 కిలోలు. అందులో నూటికి 5 వంతులు సున్నమనుకుంటే 75 కిలోలు. తడి బంకమట్టి గుండా, ముందు చెప్పిన అర వోల్టు లెక్కన, ఈ దిమ్మలో సుమారు రెండున్నర ఆంపియర్ల కరెంటు పోతుందనుకుందాం. రసాయన శాస్త్రం లెక్క ప్రకారం ఆ కరెంటు పుట్టించే ఆమ్లం 75 కిలోల సున్నాన్ని కరిగించడానికి దాదాపు 670 రోజులు పడుతుంది. రెండేళ్లకు కాస్త తక్కువ. సీసం పని ఆ తర్వాతే ఊపందుకుంటుంది. రెండు నెలల్లో పుట్టే ఆమ్లానికైతే ఏడు కిలోల లోపు సున్నమే కరుగుతుంది, అంటే మట్టిలో అర శాతం కూడా కాదు.

మరి ఎర్ర చెల్కల్లో? అక్కడ సున్నం సాధారణంగా తక్కువే. కానీ అవి గరుకు నేలలు, నీళ్లు సులువుగా దిగుతాయి, కరెంటు అవసరమే పెద్దగా ఉండదు. పైగా ఎండాకాలం ఎండిపోయి కరెంటునే మోయవు. దక్షిణ తెలంగాణలో ఈ పద్ధతికి ఎదురయ్యే అసలు ముడి ఇదే. కరెంటు అవసరమైన నేలలో సున్నం అడ్డొస్తుంది, సున్నం అడ్డురాని నేలలో కరెంటుతో పని లేదు. సున్నం తక్కువున్న బంక పొరలు, చెరువు అడుగు మట్టి, ఫ్యాక్టరీ షెడ్ల కింద కూరిన మట్టి వంటి చోట్ల మాత్రం దీనికి జాగా ఉంది.

ఒక గుంటకు ఎన్ని యూనిట్లు

సున్నం బాధ లేని మట్టినే తీసుకుందాం. ఒక గుంట అంటే సుమారు 101 చదరపు మీటర్లు. అర మీటరు లోతుకు 50 ఘనపు మీటర్ల మట్టి. ముందు అనుకున్న కరెంటుకు ఘనపు మీటరుకు రోజుకు 3 యూనిట్లు కాలతాయి. 60 రోజులకు 180 యూనిట్లు. గుంట మొత్తానికి 9,000 పైచిలుకు.

ఐదు హెచ్‌పీ బోరు మోటారు రోజుకు 7 గంటలు నడిస్తే దాదాపు 26 యూనిట్లు కాలుతుంది. ఒక్క గుంటకు పట్టే కరెంటుతో ఆ మోటారును దగ్గర దగ్గర ఏడాది నడపొచ్చు. యూనిట్ 8 రూపాయలనుకుంటే గుంటకు 73 వేలు, ఎకరానికి 29 లక్షలు. ఇది కరెంటు బిల్లు మాత్రమే. కడ్డీలు, ఆమ్లాలు, తోడిన నీటి శుద్ధి, కాపలా మనుషులు దీని మీద.

వోల్టేజీ పెంచి త్వరగా ముగిస్తే? రెట్టింపు వోల్టేజీకి గంటకు కాలే విద్యుత్తు నాలుగింతలవుతుంది, సమయం సగమవుతుంది. మొత్తం మీద బిల్లు రెట్టింపు, మట్టి వేడెక్కడం అదనం. నెమ్మదిగా చేస్తే చవక, కానీ నెలల తరబడి కంచె వేసి కాయాలి. రెండు మీటర్ల ఎడంలో కడ్డీలు పెట్టినా వాటి మధ్య 100 వోల్టులుంటాయి. వానలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయిన బర్రె ఏమవుతుందో చూసిన ఊళ్లకు ఈ కంచె ఎందుకో వివరించాల్సిన పని లేదు.

మద్దతుగా ఏమంటారు, కాదని ఏమంటారు

ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల మాటలో బలముంది. మట్టిని తవ్వితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములో సీసం ఉంటుంది, దాన్ని పీల్చేది పిల్లలు, కూలీలు. కరెంటుకు తవ్వకం అక్కర్లేదు. గోడౌన్ కిందో, రోడ్డు కిందో మట్టి చెడితే పైకట్టడం కూల్చకుండా పని చేయొచ్చు. 1980ల చివర్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పాత పెయింట్ ఫ్యాక్టరీ స్థలంలో సీసం, రాగి మీద దీన్ని నిజమైన నేలలోనే ప్రయత్నించారు. సోలార్ పలకలతో నడిపిన ప్రయోగాలూ ఉన్నాయి. డీసీ నేరుగా దొరుకుతుంది, పాలమూరు ఎండకు కొదవ లేదు.

కాదనేవాళ్లదీ తేలిగ్గా తీసేసే మాట కాదు. కరెంటుకు సీసం, పొటాష్ తేడా తెలియదు. కాల్షియం, పొటాష్, నత్రజని రూపమైన నైట్రేట్ కూడా సీసంతో పాటే గుంతలకు పోతాయి. పని ముగిసేసరికి ప్లస్ వైపు మట్టి పుల్లబడి, సూక్ష్మజీవులు చచ్చి ఉంటుంది. మళ్లీ సున్నం, పశువుల ఎరువు వేసి కొన్ని పంటకాలాలు దాన్ని బతికించుకోవాలి. భూమిలో పాత పైపో, ఇనుప ముక్కో ఉంటే కరెంటు దాని గుండా అడ్డదారి పడుతుంది. ఉప్పు ఎక్కువున్న చౌడు నేలలో ప్లస్ కడ్డీ దగ్గర క్లోరిన్ వాయువు పుట్టవచ్చు. ఇక లోహం ఎక్కడికీ మాయం కాదు. చిక్కటి బురదగా మారి, చివరికి హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే చేరాలి.

నాకు రెండో వాదన ఎక్కువగా పట్టింది వ్యవసాయ భూమి విషయంలో. పరిశ్రమ స్థలాల్లో, లోతైన బంక పొరల్లో మొదటి వాదనే నెగ్గవచ్చు.

మూసీ ఆయకట్టు, బట్టీ పక్క చేను

అనంతగిరిలో పుట్టి, హైదరాబాద్ మురుగును మోసుకుని, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ కత్వల (చిన్న ఆనకట్టల) కింద వేల ఎకరాల వరి ఉంది. ఎకరానికి 29 లక్షల కరెంటు లెక్క అక్కడ ఆలోచించదగ్గది కూడా కాదు. పైగా మురుగు వస్తున్నంత కాలం కడగడానికి అర్థం లేదు. జపాన్‌లో జింజూ నది కింద గని వ్యర్థాల కాడ్మియంతో చెడిన వరిమళ్లను బాగు చేయడానికి మట్టిని మార్చారు, పైన కొత్త మట్టి పరిచారు. మూడు దశాబ్దాలకు పైగా సాగిన ఆ పని 2012లో పూర్తయింది.

చౌటుప్పల్ రైతుది నాలుగు గుంటల ముక్క. భూసార పరీక్ష కార్డు ఉంది కదా, చాలదా అని అడిగారు. ఆ కార్డులో జింక్, రాగి, ఇనుము ఉంటాయి, అవి కూడా పైరుకు చాలినంత ఉన్నాయా అన్న లెక్కలో. సీసం, కాడ్మియం, క్రోమియం అందులో ఉండవు, విడిగా చూపించాలి. సీసం సాధారణంగా పైపొరను దాటి లోతుకు దిగదు. అడుగు లోతులోపే ఉందని తేలితే, నాలుగు గుంటలకు తీయాల్సిన మట్టి 120 ఘనపు మీటర్లు, ట్రాక్టర్ ట్రాలీకి మూడు పడితే 40 ట్రిప్పులు. దుమ్ము లేవకుండా తడుపుతూ తీసి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం ఆయన విషయంలో కరెంటు కంటే దగ్గరి దారి. ఖర్చు ఆయన నెత్తిన పడాల్సింది కాదు. కొత్త నిబంధనల ప్రకారం అనుమానిత స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం నుంచి పైకి వెళ్లాలి, కాలుష్యం చేసినవాళ్లే శుద్ధి ఖర్చు భరించాలి.

తీసిన మట్టి స్థానంలో చెరువు మట్టి నింపుకుంటానని ఆయన అన్నారు. చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ రోజుల్లో అందరూ తోలుకున్నదే. ఆయన చెప్పిన చెరువుకు నీళ్లు మూసీ కాలువ నుంచి వస్తాయి. ఆ మట్టిని కూడా సీసం, కాడ్మియం, క్రోమియం పరీక్షకు పంపుతున్నాం.